వార్షిక నివేదిక: నాసి భూమి అంటే ఖాళీ భూమి కాదు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన పనంతా దాదాపు ఒకే మాట చుట్టూ తిరిగింది. భూ వినియోగ ప్రణాళిక ముసాయిదా మ్యాపులో చాలా పొలాలకు 'మార్జినల్', అంటే నాసి, అని రాశారు. ఆ ముద్ర పడితే రేపు ఇళ్ల స్థలాలకో గోదాములకో ముందుగా చూపించేది ఆ పొలాన్నే కాబట్టి అందరికీ టెన్షన్ పట్టుకుంది.

ముందు కూర్చుని చదివాం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో తెచ్చిన పద్ధతిలో ఎస్1, ఎస్2, ఎస్3 గ్రేడుల నేలలు అనుకున్న వినియోగానికి తగినవి, ఎన్1, ఎన్2 తగనివి. మార్జినల్ అంటే ఎస్3, అంటే తగిన వాటిలోనే కింది మెట్టు. పైగా ఏ వినియోగానికో చెప్పకుండా అందులో గ్రేడు ఇవ్వడానికే లేదు, ఎందుకంటే దుక్కికి పనికిరాని వాలు నేల మేతకు చక్కగా సరిపోవచ్చు. మన ముసాయిదాలో దేనికి మార్జినలో ఒక్క ముక్క కూడా లేదు.

తర్వాత గడ్డపారలు పట్టుకుని పొలాల్లోకి వెళ్లాం. మ్యాపులో మొత్తం ఒకే రంగున్న చెలక ఒకటి. కింది గట్టు పక్కన తవ్వితే మోకాలి లోతు దాకా మెత్తటి మట్టి, దాంట్లో దారాల్లా దిగిన వేళ్లు. వాలు మీదికి నలభై అడుగులు వేసి తవ్వితే జానెడు దిగకముందే గడ్డపార గరుసుకు తగిలి ఠంగుమంది. 1:50,000 స్కేలు మ్యాపులో ఒక మిల్లీమీటరంటే 50 మీటర్లు, మేం నడిచిన దూరం అందులో చుక్కంత కూడా రాదు. అలాంటి మ్యాపు చూసి ఒక్కో కమతం తలరాత రాయకూడదని మన అభ్యంతర పత్రంలో గట్టిగానే రాశాం.

ఇంకో సంగతి. నీరు నిలిచే నేలను కాలువ తీసి బాగుచేసుకోవచ్చు, లోతు లేని మట్టికి లోతు తేలేం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. కొన్నేళ్లుగా పడావు పెట్టి కంప పెరిగిందని గ్రేడు తగ్గించడం ఇంకా పెద్ద తప్పు, అది నేల లోపం కాదు కదా.

అమెరికాలో 1980ల నుంచి వాడుతున్న లీసా పద్ధతిలో మట్టికి వేరుగా, రోడ్డు దగ్గరుందా, చుట్టుపక్కల ఏముంది లాంటి వాటికి వేరుగా మార్కులు వేస్తారు. ఇక్కడా అలాగే చేయమని అడిగాం, ప్రణాళిక కమిటీ ఒప్పుకోలేదు. గ్రేడు పక్కన కారణం రాయడానికి మాత్రం ఒప్పుకుంది, నా దృష్టిలో అది చిన్న విజయం కాదు.

మనలో కొందరికి భూమి అమ్ముకోక తప్పని పరిస్థితి ఉంది, గ్రేడు తగ్గితేనే వాళ్లకు మేలు. సమావేశంలో ఈ మాట మీద గొడవైంది కూడా. వాళ్ల అవసరం నిజమే, దానికి దారి వెతకాలి, కానీ మంచి మట్టిని చెడ్డదని రాయించి మాత్రం కాదు.

లెక్కలు విడిగా పంపాం. వానలు తగ్గాక మిగిలిన పొలాల్లో గుంతలు తవ్వాలి, గడ్డపార ఉన్నవాళ్లు పేర్లు ఇవ్వండి.