మీ పత్తికొండ మాయమైన సంగతి

ఒరేయ్ మామా,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. ఉగాదికి రాస్తానన్న ఉత్తరం ఇది. ఫోన్ చేసుండొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను ఎప్పుడన్నా పూర్తిగా చెప్పనిచ్చినావా?

ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న మోకాలు అట్లే ఉంది. అమ్మ నిన్ను అడిగింది. కర్నూలు ఎండ గురించి నీకు చెప్పేదేముంది. సరే, అసలు విషయం. ఇంకెవరికి చెప్పినా ఇది సగమే అర్థమవుతుంది. మీ పత్తికొండ మాయమైందిరా!

నా పని తెలుసు కదా, మార్కెట్ యార్డుల ధరలు చూపించే యాప్. కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, మీ టమోటా, అట్లా ఆరు యార్డులు. ధరలిచ్చే సర్వర్ పాతది. దాన్ని రాసినాయన ఎప్పుడో బెంగుళూరు వెళ్ళిపోయాడు, కాగితం ముక్క కూడా మిగల్చలేదు. సర్వర్‌ని ఏమేం అడగొచ్చో వివరంగా రాసిన ఓపెన్‌ఏపీఐ ఫైలు ఒకటుంటే, మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లౌడ్, అజ్యూర్ పోర్టల్‌కి ఇస్తే చాలు, అన్నీ అదే నింపుకుంటుంది. లేదు కాబట్టి మొత్తం చేత్తోనే. అందులో ఏపీఐ మేనేజ్‌మెంట్ అని, యాప్‌కీ సర్వర్‌కీ మధ్య గేటులాగా నిలబడే సర్వీసుంది. దాంట్లో ‘యాడ్ ఏపీఐ’ నొక్కి, హెచ్‌టీటీపీ ఎంచుకుని, పేరు, వెనకున్న సర్వర్ అడ్రసు, యూఆర్ఎల్ సఫిక్స్ (గేటు అడ్రసు చివర తగిలించే ముక్క) రాయాలి. తర్వాత ఒక్కో ఆపరేషన్, అంటే యాప్ అడగ్గలిగే ఒక్కో పని, చేర్చాలి. గెట్టా (తెచ్చుకోవడమా) పోస్టా (పంపడమా), దారేంటి, దారిలో మారే ముక్కేంటి. యార్డు పేరును వంకర బ్రాకెట్లలో పెడితే దాన్ని టెంప్లేట్ పారామీటర్‌గా తీసుకుంటుంది. ఆ పేరు పాత సర్వర్‌లో ఎట్లా రాసుందో కనుక్కోవడం ఇంకో కథ. ఎమ్మిగనూరుకి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో... వదిలెయ్, టెంకాయ సార్ హాజరు పట్టీ గుర్తుకొచ్చింది.

సర్వర్‌లోకి మాకు అనుమతి రావడం లేటైంది. యాప్ రాసే పిల్లోడు ఖాళీగా కూర్చున్నాడని వాడికోసం మాక్ రెస్పాన్స్, అంటే ఉత్తుత్తి జవాబు, పెట్టాను. భలే ఉంటుంది మామా అది. లోపలికొచ్చే కాల్స్ చూసే ఇన్‌బౌండ్‌లో ఆ పాలసీ (నియమం) తగిలించి, నమూనా జవాబు ఒకటి రాసిపెడితే, వెనక సర్వర్ లేకున్నా గేట్‌వేనే (ఆ మధ్య గేటే) 200 ఓకే, అంతా బాగుంది అంటూ ఆ జవాబు పంపిస్తుంది. మాకింగ్ నడుస్తోందని పసుప్పచ్చ పట్టీ కూడా వస్తుంది. పోర్టల్ తెరిచినోళ్ళకే అది కనపడేది, యాప్ చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది? నేను నమూనాలో టమోటా కిలో వంద రూపాయలని రాశాను. క్లయింట్ మేనేజర్ గారు యాప్‌లో అది చూసి, బామ్మర్దికి ఫోన్ చేసి రెండ్రోజులు కాయలు కోయొద్దన్నాడు! నవ్వద్దు, ఇంకా ఉంది.

అనుమతి వచ్చాక మాక్ తీసేసి, ఆరు యార్డులూ పోర్టల్‌లోని టెస్ట్ ట్యాబ్‌లోనే చూశాను. సెండ్ నొక్కితే 200, నొక్కితే 200. ఆ సాయంత్రం ఉగ్గాని బజ్జీ తెప్పించుకుని రాజాలాగా తిన్నాను.

పొద్దున్నే పిల్లోడి ఫోన్. యాప్‌లో అయిదు డబ్బాలు నిండినాయి, ఆరోది, పత్తికొండ, తెల్లగా ఉంది. నేను పోర్టల్‌లో చూస్తే ధర సుబ్బరంగా వస్తోంది. వాడు చూస్తే లేదు. నా దగ్గర ఉంది, వాడి దగ్గర లేదు. ఇంతలో మేనేజర్ గారు ఆగలేక మీ యార్డుకే ఫోన్ కొట్టి, ధరలు పంపకుండా నిద్రపోతున్నారా అని ఎగిరినాడంట. అవతలాయన ఊరుకుంటాడా? మీ ఊరోడాయె.

నాకెందుకో అనుమానమొచ్చి, పత్తికొండని మొదట పెట్టి చూడరా అన్నాను. పెట్టాడు. పత్తికొండ వచ్చింది, ఆదోని మాయం! అంటే ఊరిది కాదు తప్పు, ఆరో చోటుది. వాడి కీ (అడిగేదెవరో గేటుకు చెప్పే రహస్య సంకేతం) తీసుకుని, కాల్‌తోపాటు పోయే సబ్‌స్క్రిప్షన్ కీ హెడర్‌లో పెట్టి, నా ల్యాప్‌టాప్ నుంచి కర్ల్‌తో, అంటే కమాండ్ కొట్టి నేరుగా అడిగే టూల్‌తో, వరసగా కొట్టాను. అయిదు బాగున్నాయి. ఆరోదానికి 429. రేటు లిమిట్ దాటింది, ఇన్ని సెకన్లు ఆగి రా అని స్పష్టంగా రాసుంది. ఆ మాటను యాప్ మింగేసి తెల్ల డబ్బా చూపిస్తోంది. పిల్లోణ్ణి ఏమనాలి చెప్పు.

వాడి కీ స్టార్టర్ ప్రొడక్ట్‌ది. ప్రొడక్ట్ అంటే ఏపీఐలు వాడుకోడానికిచ్చే ప్లాన్‌లే. దానికి మొదటినుంచీ ఉండే హద్దు నిమిషానికి 5 కాల్స్, వారానికి 100. మరి నాకెందుకు రాలేదంటావా? పోర్టల్‌లోని టెస్ట్ కిటికీ తన సొంత కీతో పోతుంది, అన్నిటికీ చెల్లే కీ అది. ప్రొడక్ట్ హద్దులు దానికి తగలవు. పెళ్ళికొడుకు తమ్ముణ్ణి భోజనాల దగ్గర ఎవరాపుతారు? కావాలంటే అక్కడే ప్రొడక్ట్ ఎంచుకుని పరీక్షించొచ్చు, కానీ నాకైతే బయటినుంచి, పరాయివాడి కీతో కొట్టి చూస్తేనే మనసు నిలబడేది.

ఆ హద్దుల్లేని అన్‌లిమిటెడ్ ప్రొడక్ట్ ఎందుకు తీసుకోలేదురా అంటే, అడిగినాను అన్నా, అప్రూవల్ రాలేదు అన్నాడు. దానికి అడ్మిన్ ఒప్పుకోవాలి కదా. ఎవరా అడ్మిన్? మన మేనేజర్ గారే! మెయిల్ ఆయన డబ్బాలో తెరవకుండా పడుంది, ఆయన మీ ఊరి మీద పడి అరుస్తున్నాడు. చెప్పాలా వద్దా అని నేను నీళ్ళు నములుతుంటే, పిల్లోడు ఇంకోసారి చూపిస్తానని యాప్ తెరిచాడు. ఈసారి ఆరూ తెలుపే! వారం కోటా వందా అయిపోయి 403, ఇక నీకు అనుమతి లేదు అని వస్తోంది. అదీ ఆయన ముందరే. నవ్వు ఆపుకోలేక బయటికొచ్చి నీళ్ళు తాగినాను.

తర్వాత చెప్పినాంలే, నెమ్మదిగా. ఆయన మెయిల్ వెతికి అప్రూవ్ నొక్కాడు, కొత్త కీ వచ్చింది, ఆరూ నిండినాయి. మీ టమోటా ధర చూసి మాత్రం బాధేసింది మామా, నమూనాలో రాసిన వంద ఎక్కడ, అది ఎక్కడ. మీ చిన్నాన్న ఈసారి కూడా టమోటానే వేసినాడా?

అసలుది ఇప్పుడొస్తుంది. మేనేజర్ మంచోడే, మీ యార్డుకు మళ్ళీ ఫోన్ చేసి సారీ చెప్తానన్నాడు. స్పీకర్ పెట్టాడు. అవతల గొంతు వినగానే... రేయ్, 2008 పుష్కరాల్లో నీ చెప్పులు వేసుకుని పోయినోడు! వాడేరా! వాడు అక్కడున్నట్టు నీకు తెలుసా? తెలిసీ చెప్పలేదా? నేను గొంతు మార్చి నీ పేరు చెప్పి వాణ్ణి ఏమడిగినానంటే

అమ్మ కేకేస్తోంది, నాన్నని సీ క్యాంపులో డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి, టైమైపోయింది. వాడు నీకు ఫోన్ చేస్తే ఏమీ ఎరగనట్టే ఉండు.