మీ షెడ్డుకి ఒక బాడీ పంపిస్తున్నా

ట్రాయ్, మిషిగన్
మార్చి, ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

పోయినవారం ఫోన్లో "ఈ వయసులో ప్లాస్టిక్ బొమ్మ కార్లేంట్రా నీకు" అని నవ్వావు చూడు, దానికి జవాబు ఇది. ఫోన్లోనే చెప్దామంటే మీ కార్ల పెయింటింగ్ షెడ్డులో కంప్రెసర్ మోత. మధ్యలో ఎవడో వచ్చి "అన్నా, బంపర్ ఎప్పుడిస్తావ్" అని నీ నెత్తిన కూర్చుంటాడు. అందుకే ఉత్తరం. టీ చెప్పించుకుని తీరిగ్గా చదువు. చివర్లో నీకో పని ఉంది, ఇప్పుడే ఆఖరి పేజీకి పోవద్దు.

ఇక్కడ మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. నవంబరు నుంచి మనిషి ఇంట్లో పడి ఉండాల్సిందే. మీ చెల్లెలు ఆన్‌లైన్లో వీణ నేర్చుకుంటోంది, నేను కింద బేస్‌మెంట్లో ప్లాస్టిక్ గీకుతున్నా. ఎవరి సాధన వాళ్ళది.

ఇదంతా మూడేళ్ళ కిందట ఒక గరాజ్ సేల్‌లో మొదలైంది. మా పక్క వీధి పెద్దాయన ఇంట్లో పాత సామానంతా వాకిట్లో పెట్టి అమ్ముతుంటే, ఐదు డాలర్లకి ఒక అట్టపెట్టె కొన్నా. మూత మీద 1970 ప్లిమత్ కూడా కారు బొమ్మ. కూడా అంటే మన 'నువ్వు కూడా రా' కాదు, బారకూడా అనే చేప పేరులో తోక ముక్క. మూత తీస్తే చింతకాయల గుత్తుల్లా ప్లాస్టిక్ కొమ్మలకి వేలాడుతున్న ముక్కలు. అప్పటికి నాకు తెలిసిందల్లా ఇవన్నీ తుంచి అంటించాలని. ఎంత తప్పో చెప్తా, ఆగు.

తర్వాత తెలిసిన సంగతి వింటే నీకూ వింతగానే ఉంటుంది. ఈ బొమ్మల వ్యాపారం పెరిగింది మా ఊళ్ళోనే. ఏఎంటీ అని ఒక కంపెనీ, 1948లో పెట్టారు, మేపుల్ రోడ్డు మీద ఉండేది. నేను కూరగాయలకి వెళ్ళేది ఆ రోడ్డు మీదుగానే. ఏఎంటీ అంటే అల్యూమినియం మోడల్ టాయ్స్. పేరులో అల్యూమినియం, పేరు తెచ్చిందేమో ప్లాస్టిక్. మొదట్లో వాళ్ళు చేసింది షోరూముల కోసం. కొత్త మోడల్ కారు వస్తుందంటే దాని చిన్న బొమ్మని, అసలు కారుకి వేసే రంగుల్లోనే చేయించి డీలర్లు పంచేవాళ్ళు. నాన్న కారు చూస్తుంటే కొడుకు చేతిలో బొమ్మ పెడితే ఇంకేముంది, కొడుకే బేరం పూర్తి చేయిస్తాడు. కార్ల కంపెనీల డ్రాయింగులు చూసి చేసినవి కాబట్టి కొలతలు పక్కాగా ఉండేవి, సరిగ్గా 25వ వంతు. 1958లో అదే బొమ్మని ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్మడం మొదలెట్టారు. ఒకే పెట్టెలోంచి మూడు రకాలుగా కట్టుకోవచ్చు. షోరూములో ఉన్నట్టు, లేదంటే సోకులు చేసి, లేదంటే రేసు బండిగా.

దీని వెనక ఒక విషాదం కూడా ఉంది. ఏటా కారు రూపం మారుతుంది కదా, బొమ్మల కంపెనీలు కొత్త అచ్చు చేయించకుండా పాత అచ్చునే చెక్కి మార్చేసేవి. అంటే నిరుటి కారు ఇక ఎప్పటికీ పొయ్యలేరు. అందుకే ఆ కాలం నాటి సీలు విప్పని పెట్టెలకి ఇప్పుడు అంత గిరాకీ.

ఇక అసలు బళ్ళ సంగతి. మజిల్ కారంటే పెద్ద సిద్ధాంతమేం లేదు. మధ్య సైజు మామూలు కారులో పెద్ద కారు ఇంజిన్ ఇరికించడం, అంతే. దీనికి దారి వేసింది 1964 పాంటియాక్ జీటీవో అంటారు. జనరల్ మోటార్స్‌లో అప్పుడొక రూలు, మధ్య సైజు కారులో 330 ఘనపుటంగుళాలు దాటిన ఇంజిన్ పెట్టకూడదని. పాంటియాక్ ఛీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్ జట్టు ఏం చేసిందంటే, టెంపెస్ట్ అనే మామూలు కారుకి 389 ఘనపుటంగుళాల ఇంజిన్‌ని 'ఆప్షన్' అని రాసింది. రూలు కొత్త మోడల్‌కి గానీ ఆప్షన్‌కి కాదు కదా! మన ఆఫీసుల్లో ఫైలు నడిపించే తెలివే ఇది. పేరు కూడా ఫెరారీ వాడి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిందే. ఐదు వేలు అమ్ముడైతే గొప్ప అనుకున్నారు, మొదటి ఏడాదే 32 వేలు దాటాయి. ఇక మిగతావాళ్ళు ఊరుకుంటారా?

నా పెట్టెలోని 'కూడా'లో ఉండేది 426 ఘనపుటంగుళాల హెమీ ఇంజిన్. మన లెక్కలో ఏడు లీటర్లు. మీ నాన్నగారి పద్మిని కారు ఇంజిన్ 1089 సీసీ. ఆరు పద్మినిల ఇంజిన్లు ఒకచోట పోసినా ఈ ఒక్క హెమీకి చాలవు. కాగితం మీద 425 గుర్రాలు. పైగా దాని బానెట్‌కి ఒక కంత ఉంటుంది, ఇంజిన్ మీద బిగించిన గాలి గూడు ఆ కంతలోంచి పైకి తేలి ఉంటుంది. ఇంజిన్ రేజ్ చేస్తే బానెట్ కదలదు, గూడు మాత్రం పూనకం వచ్చినట్టు ఊగుతుంది. దాన్ని షేకర్ అనే పిలుస్తారు.

సరే, నా ఘనకార్యం విను. ముక్కలు తుంచా, బాడీని సబ్బుతో కడిగా. ఇంక ఆగలేక హార్డ్‌వేర్ షాపులో దొరికే కార్ల స్ప్రే డబ్బా తెచ్చి, ప్రైమర్ లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద కొట్టేశా. పది నిమిషాలు అద్దంలా ఉంది. మీ చెల్లెల్ని పిలిచి చూపించా కూడా. పొద్దున్నే లేచి చూస్తే ఎండిన చెరువు అడుగులా పెచ్చులు పెచ్చులుగా పగుళ్ళు! ఆ లాకర్ రకం రంగులోని థిన్నర్ ప్లాస్టిక్‌నే కొరికేసింది. ఆటోనగర్‌లో సెలవులన్నీ గడిపినవాడిని, మీ నాన్నగారి చేతి కింద వాటర్ పేపర్ పట్టినవాడిని, ప్రైమర్ వెయ్యలేదంటే నన్ను నేనే క్షమించుకోలేకపోయా.

అప్పుడే గుర్తొచ్చింది. మనం ఇంటర్‌లో ఉండగా నువ్వు బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చి ఆ డాక్టరు గారి ఫియట్ బానెట్ మీద పెట్టావు, అడుగున కారి రంగు గుండ్రంగా లేచిపోయింది. మీ నాన్నగారు, అదే మా బాబాయి, నిన్ను షెడ్డు చుట్టూ తరిమారు. "బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుందిరా వెధవా" అన్న కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. చేతికి గ్లవుజులు వేసుకుని, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోసి బాడీని ముంచా. మర్నాటికి రంగు పాత టూత్‌బ్రష్‌కి మీగడలా ఊడొచ్చింది. కింద ప్లాస్టిక్‌కి ఏమీ కాలేదు. బొమ్మలు కట్టేవాళ్ళకి ఇది పాత చిట్కానే అని తర్వాత తెలిసిందిలే. నాకు మాత్రం మీ షెడ్డులోనే తెలిసింది.

అప్పట్నుంచి నీ పద్ధతే పట్టా. అచ్చు రెండు సగాలు కలిసే చోట బాడీ మీద సన్నటి గీత వస్తుంది, ముందు దాన్ని గీకాలి. పగుళ్ళున్న చోట లప్పం. మన కొండపల్లివాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు పెడతారు కదా, అదే పని. తర్వాత 600 వాటర్ పేపర్, ప్రైమర్, మళ్ళీ పేపర్. ప్రైమర్ పడ్డాకే తప్పులన్నీ బయటికొస్తాయి. "కళ్ళు మూసుకుని చెయ్యి రాసి చూడు" అనేవారు కదా బాబాయి. జానెడు బండికి అరచెయ్యి సరిపోదు, చిటికెన వేలితో చూస్తున్నా.

రంగు దగ్గర నేను నేర్చుకున్న కొత్త సంగతి ఒకటుంది, ఇది మీ షెడ్డులో లేనిది. 25వ వంతు బొమ్మ మీద రంగు పదో వంతు మిల్లీమీటరు మందం పడిందనుకో, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్లు పడినట్టు లెక్క. తలుపు సందులు పూడిపోతాయి, అక్షరాలు మునిగిపోతాయి. మెటాలిక్ రంగైతే ఇంకా ఘోరం. అందులో మెరిసే రేణువు కూడా 25 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది, కారు కాస్తా పెళ్ళి పందిరి చమ్కీ కాగితంలా తయారవుతుంది. అందుకే ఊదా రంగు మానేశా. ఆ ఊదా రంగు పేరు గొడవొకటి. డాడ్జ్ వాడు ప్లమ్ క్రేజీ అంటాడు, ప్లిమత్ వాడు అదే డబ్బాని ఇన్-వయలెట్ అంటాడు. ఇద్దరిదీ ఒకే యజమాని క్రైస్లర్, రంగూ ఒకటే! నారింజ రంగుదీ అదే కథ. డాడ్జ్‌లో గో మ్యాంగో, ప్లిమత్‌లో విటమిన్ సి. పసుప్పచ్చటి బంగినపల్లి తొక్క అనుకునేవు, కాదు. బాగా మగ్గిన నూజివీడు రసం పిండితే వచ్చే గుజ్జు రంగు, ఇంకొంచెం ఎరుపు వేసి. మెటాలిక్ కాదు కాబట్టి నాకు అదే నచ్చింది.

క్రోమ్ పట్టీలకి రేకు వాడతారు, వెనక జిగురున్న అల్యూమినియం. కాజూ కట్లీ మీది వెండి రేకంత కాకపోయినా బాగా పల్చన. చాలా ఏళ్ళు ఇది మాకు అరగంట దూరంలో ఉన్న ఫార్మింగ్టన్‌లోనే తయారైంది. అద్దం చుట్టూ అంటించి, అగ్గిపుల్లతో నున్నగా రుద్ది, కొత్త బ్లేడుతో అంచు కొయ్యాలి. పాత బ్లేడు వాడితే చిరుగుతుంది. ఒక్కో కిటికీకి ఒక సాయంత్రం పోయింది, మీ చెల్లెలు మూడు సార్లు అన్నానికి పిలిచింది. అద్దాలకి మాత్రం సూపర్ గ్లూ ముట్టుకోకు. దాని ఆవిరికి తెల్లటి మసక పడుతుంది, అది తుడిస్తే పోదు. తెల్ల జిగురే, మన ఫెవికాల్ లాంటిది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంజిన్. పెట్టెలో ప్లగ్గు వైర్లు ఇవ్వరు. పాత కేబుల్ ఒకటి చీల్చి సన్న వైర్లు తీసి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి తొమ్మిది కంతలు వేశా, ప్లగ్గులకి ఎనిమిది, కాయిల్‌కి ఒకటి. ప్లగ్గులు వెలిగే వరస 1-8-4-3-6-5-7-2. జానెడు బొమ్మలో ఫైరింగ్ ఆర్డర్ ఎవడు చూస్తాడంటావా? ఆ గరాజ్ సేల్ పెద్దాయన చూశాడు! ఆయన కుర్రతనంలో ఇక్కడి కార్ల ఫ్యాక్టరీ లైన్‌లో పనిచేశాడట. భూతద్దం పెట్టి వైరు వైరూ లెక్కపెట్టి తలూపాడు. తర్వాత బండి తిరగేసి "అడుగున ఇంత శుభ్రంగా రంగు వేశావేంటి" అని నవ్వాడు. ఆ రోజుల్లో అడుగుకి విడిగా రంగు వేసేవాళ్ళు కాదు, ప్రైమర్ మీద పక్కల నుంచి పడిన రంగు పొగ అంతే. నేను మళ్ళీ కూర్చుని, కష్టపడి చేసినదాన్ని చెడగొట్టి, ఆ పొగ కొట్టా. బాబాయి చూస్తే పని ఎగ్గొట్టానని తిట్టేవారు.

ఈ బళ్ళ రాజ్యం ఏడెనిమిదేళ్ళే. ఇన్సూరెన్స్ వాళ్ళు కుర్రాళ్ళ మీద ప్రీమియం మోత మోగించారు, 1970లో గాలి కాలుష్యం చట్టం వచ్చింది, 1973లో చమురు సంక్షోభం మిగిలిన పని కానిచ్చింది. 1971లో హెమీ 'కూడా' కన్వర్టిబుల్స్ మొత్తం 11 మాత్రమే తయారయ్యాయి. అందులో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. మనం జానెడు దానితో సర్దుకుందాం.

మిగిలినవి చూడాలంటే ఆగస్టులో మూడో శనివారం మా వుడ్‌వర్డ్ అవెన్యూకి రావాలి. డ్రీమ్ క్రూజ్ అంటారు, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా తిరణాలే. 1995లో ఒక సాకర్ మైదానానికి డబ్బు పోగు చెయ్యడానికి మొదలెట్టారు, అది కాస్తా ఇంతైంది. పోయినేడు రోడ్డు పక్క మడత కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఒక నారింజ రంగు 'కూడా' సిగ్నల్ దగ్గర ఆగింది. షేకర్ ఊగుతోంది. ఆ పెయింటు చూస్తుంటే నాకు గుర్తొచ్చింది హాలీవుడ్డూ కాదు, హెమీ కాదు. మీ షెడ్డు వెనక ఆరబెట్టిన బానెట్లు, ఆ థిన్నర్ వాసన.

ఇదిగో ఇప్పుడు నీ పని. రెండో 'కూడా' కిట్ కొన్నా. ఇంజిన్, ఛాసిస్, సీట్లు నా దగ్గరే ఉంచుకుని బాడీ, బానెట్ మాత్రం నీకు పంపిస్తున్నా. ఏప్రిల్ నెలాఖరుకి మా బావమరిది వస్తున్నాడు, అతని చేతికిచ్చా. రంగు డబ్బాలు విమానంలో ఎక్కనివ్వరు, కాబట్టి రంగు నీదే. టచప్ గన్‌తో కొట్టు, పెద్ద గన్ వద్దు. ఎన్‌సీ థిన్నర్, అదే నైట్రోసెల్యులోజ్ రంగుల్లో కలిపేది, తగిలితే నా చెరువు కథే మళ్ళీ. పెట్టెలో నాలుగు ప్లాస్టిక్ కొమ్మ ముక్కలు కూడా వేశా, ప్రైమర్ ముందు వాటి మీద కొట్టి చూసుకో. కోటు కోటుకీ మధ్య బాగా ఆరనివ్వు. బూత్‌లో హీటింగ్ పెట్టకు, మే నెల ఎండలో అసలు పెట్టకు, వంకర తిరిగిపోతుంది. బావమరిది జూన్‌లో తిరిగొస్తాడు, ఆగస్టుకి బిగించేస్తా.

రంగు కోడ్ ఈకే2, 1970 ప్లిమత్ విటమిన్ సి. మిక్సింగ్ షాపువాడు "ఏ బండికన్నా, ఎన్ని లీటర్లు" అని అడిగినప్పుడు నువ్వేం చెప్పావో, వాడి మొహం ఎలా పెట్టాడో, అది మాత్రం వెంటనే ఫోన్ చేసి చెప్పాలి.

బాబాయికి నమస్కారాలు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
బక్కోడు