గుడ్డుతో పాటు కోడి ఎముకనూ చూడాలి

సంపాదకులకు,

ఆర్యా,

పంజరాల్లో పెంచిన కోళ్ల గుడ్లు మంచివా, ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లు మంచివా అన్న చర్చ పత్రికల్లో తరచూ కనిపిస్తోంది. అది దాదాపు ఎప్పుడూ పచ్చసొన రంగు దగ్గర మొదలై రుచి దగ్గర ఆగిపోతోంది. కోడి వయసు ప్రస్తావన అరుదుగా వస్తుంది, దాని ఎముకల సంగతి అసలే రాదు. పెంపకం తీరు, వయసు రెండూ కలిసి అన్నిటికంటే లోతుగా దెబ్బతీసేది ఎముకలనే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

పచ్చసొన రంగు దాణాలోని మొక్కజొన్న, ఆకుల్లో ఉండే పసుపు వర్ణకాల వల్ల వస్తుంది; పంజరంలోని కోడికి అలాంటి దాణా పెట్టినా అదే ముదురు రంగు వస్తుంది. మాంసకృత్తుల్లో రెండు రకాల గుడ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎండలో తిరిగే కోడి గుడ్డులో విటమిన్ డి ఎక్కువగా ఉంటుందన్నది నిజమే. అయితే గూట్లో కాక నేల మీద పెట్టిన గుడ్ల పెంకుకు మురికి, సూక్ష్మజీవులు ఎక్కువగా అంటుకుంటాయన్నదీ అంతే నిజం. వయసు తెచ్చే మార్పులు వీటికంటే స్పష్టమైనవి. ఇంచుమించు 20 వారాల వయసులో గుడ్లు మొదలుపెట్టిన పెట్ట, వయసు పెరిగేకొద్దీ పెద్ద గుడ్లు పెడుతుంది గానీ, పెంకుకు చేరే కాల్షియం ఆ మేరకు పెరగదు. అందువల్ల పెంకు పలచబడి పగుళ్లు ఎక్కువవుతాయి. తెల్లసొన చిక్కదనం కూడా తగ్గుతుంది. గుడ్డును ఎక్కువ రోజులు నిల్వ ఉంచినా ఇదే జరుగుతుంది కనుక, పలచగా పారే తెల్లసొనను చూసి గుడ్డు పాతదనే నిర్ధారించడం తగదు.

ఒక్క గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. ఏడాదికి 300 గుడ్లు పెట్టే కోడి దాదాపు 600 గ్రాముల కాల్షియాన్ని పెంకుల రూపంలో బయటికి పంపుతుంది. దాని అస్థిపంజరం మొత్తంలో ఉండేది మాత్రం ఏ సమయంలోనైనా 20 గ్రాములకు అటూ ఇటూ. పెంకు తయారవడానికి సుమారు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం కోడి ఏమీ తినని రాత్రి వేళ. అప్పుడు దాణా నుంచి అందని కాల్షియాన్ని కోడి తన తొడ, కాలి ఎముకల లోపల గుడ్ల కాలంలో మాత్రమే ఏర్పడే ఒక ప్రత్యేకమైన మెత్తని ఎముక నుంచి తీసుకుంటుంది. గుడ్లు మొదలైన నాటి నుంచి శరీరం ఈ నిల్వ ఎముకను కట్టే పనిలోనే ఉండి, బరువు మోసే గట్టి ఎముకను కొత్తగా కట్టడం ఇంచుమించు మానేస్తుంది. పైగా ఆ గట్టి ఎముక కూడా కొద్దికొద్దిగా కరుగుతూ వస్తుంది. గుడ్లు ఆగితే తప్ప ఈ నష్టం పూడదు. ఎడతెగకుండా గుడ్లు పెట్టేలా ఎంపిక చేసిన జాతుల్లో వయసుతో పాటు ఎముకలు గుల్లబారడానికి ఇదే కారణం.

ఇక్కడే పెంపకం తీరు ముఖ్యమవుతుంది. నడక, ఎగరడం, కర్రలెక్కి దిగడం ఎముకకు బలాన్నిస్తాయి. రెక్క చాపే చోటు కూడా లేని పంజరంలో ఆ బలం రాదు. అలాంటి కోళ్లను చివరికి కాళ్లు పట్టి బయటికి లాగేటప్పుడు రెక్కలు, కాళ్లు విరగడం ఆశ్చర్యం కాదు. కానీ పంజరం తీసేయడంతో సమస్య తీరదన్నది నేను నొక్కి చెప్పదలచిన విషయం. యూరోపియన్ యూనియన్ 2012 జనవరి 1 నుంచి పాతతరహా పంజరాలను నిషేధించింది. అది సరైన నిర్ణయమే. అయితే అంతస్తులున్న పెద్ద షెడ్లలో స్వేచ్ఛగా తిరిగే కోళ్ల కాళ్ల, రెక్కల ఎముకలు గట్టిపడినా, కర్రల మీద నుంచి పడి, గుద్దుకుని ఛాతీ ఎముక విరిగే కోళ్లు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఛాతీ ఎముక కొన పూర్తిగా గట్టిపడేది గుడ్లు మొదలైన చాలా వారాల తర్వాత గనుక, అది లేత దశలోనే భారమంతా మోయవలసి వస్తోంది. కర్రల మధ్య దూరం తగ్గించడం, అంతస్తుల మధ్య ఏటవాలు మెట్లు పెట్టడం, సాయంత్రం పూట నెమ్మదిగా కరిగే పెద్ద సున్నపురాయి పలుకులను దాణాలో ఇవ్వడం మేలు చేస్తాయి. వీటన్నిటికంటే ముందు, ఇంకా గుడ్లు మొదలుపెట్టని లేత పెట్ట దశలోనే ఎగిరే, గెంతే వీలు కల్పించాలి. గట్టి ఎముక ఏర్పడే అసలు కాలం అదే.

మాంసం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఐదారు వారాల బ్రాయిలర్‌తో పోలిస్తే, గుడ్లు ఉడిగిన కోడి కండరాల్లోని కొల్లాజెన్ (కండను పట్టి ఉంచే మాంసకృత్తు) పోగులు వయసుతో ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. సన్నని సెగ మీద నీళ్లలో చాలాసేపు ఉడికిస్తేనే అవి మెత్తబడతాయి. తిరిగిన కోడి తొడ మాంసం ఇంకాస్త గట్టిగా ఉంటుంది. దీన్ని నాసిరకంగా చూడటం న్యాయం కాదు.

కోళ్ల మందలను 72 వారాల వయసుకు బదులు 100 వారాల వయసు వరకు గుడ్లకు ఉంచే ధోరణి పెరుగుతోంది. తక్కువ కోళ్లతో ఎక్కువ గుడ్లు వస్తాయి కాబట్టి అందులో మేలు లేకపోలేదు, ఎముకలు అన్నాళ్లు నిలబడితేనే. అందుకే గుడ్ల పెట్టె మీద పెంపకం తీరుతో పాటు మంద వయసునూ ముద్రించాలని, కబేళాకు చేరిన కోళ్లలో ఎన్నింటికి ఎముకలు విరిగి ఉన్నాయో నమోదు చేసి ప్రకటించాలని కోరుతున్నాను. ఛాతీ ఎముక విరుపుల్లో చాలావాటిని శిక్షణ ఉన్నవారు చేత్తో తడిమి గుర్తించగలరు, ఎక్స్‌రే తీస్తే మిగిలినవీ తెలుస్తాయి. ఈ లెక్కలు చెప్పమని అడిగే పని మీ పత్రిక మొదలుపెట్టాలని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు