డిజైన్ జ్యూరీల తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో అక్షర రూపకల్పన, పుస్తకాల లేఔట్ బోధిస్తున్నవాణ్ని. మా రంగంలోకి వస్తున్న పిల్లల్లో పనితనానికి లోటు లేదు. అయితే చేసిన పనిని బయటపెట్టడానికి జంకేవాళ్లు, గడువు ముందురోజు రాత్రి ఫైలంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు, చిన్న సవరణ చెప్పగానే "ఈ పని నాకు రాదండీ" అని తేల్చేసుకునేవాళ్లు ఏటేటా ఎక్కువగా కనిపిస్తున్నారు. ఈ తీరును శ్రద్ధ అనీ పట్టుదల అనీ మెచ్చుకునే అలవాటు మాలో చాలామందికి ఉంది. ఆ మెచ్చుకోలు వాళ్లకు కీడు చేస్తోందనీ, వాళ్లు ఆ స్థితికి చేరడంలో బోధించే మాకూ పని ఇచ్చే సంస్థలకూ పెద్ద వాటా ఉందనీ, విద్యార్థుల పనిని చూసి మార్కులిచ్చే పెద్దల బృందాల, అంటే జ్యూరీల, తీరు మారాలనీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు బాగా తెలిసిన తెలుగు ఫాంటు తయారీనే ఉదాహరణగా తీసుకుంటాను. మన లిపిలో ప్రతి హల్లుకూ గుణింతం ఉంటుంది, దాని కింద వత్తు వస్తుంది, కొన్నిచోట్ల రెండు వత్తులు కూడా వస్తాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్నే చూడండి. సకారం పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దాన్ని ఆనుకుని క్రావడి. ఇవన్నీ చేరి ఎత్తు పెరిగేసరికి పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. వరుసల మధ్య ఎడం పెంచితే పుస్తకానికి పేజీలు పెరుగుతాయి, వత్తును కుదిస్తే చిన్న సైజులో చదవడానికి రాదు. అన్నివిధాలా ఒప్పయిన జవాబు ఇక్కడ దొరకదు కనుక, ఆ ఫాంటు పత్రికకా, పోస్టరుకా, ఫోను తెరకా అన్నది ముందు తేల్చుకుని, ఒక సౌలభ్యాన్ని వదులుకుని మరొకదాన్ని నిలుపుకోవాలి.

ఒక విద్యార్థిని ఆ తవత్తు మందం దగ్గరే నెలల తరబడి ఆగిపోయింది. తెర మీద దాన్ని అరచేయంత పెద్దది చేసుకుని ఒంపు సవరిస్తూ ఉండేది. పాత ఒంపునూ కొత్త ఒంపునూ 12 పాయింట్ల సైజులో కాగితం మీద అచ్చు తీసి పక్కపక్కన పెడితే, ఏది ఏదో తనే గుర్తుపట్టలేకపోయింది. అయినా తక్కిన గుణింతం మొదలుపెట్టలేదు. ఎందుకమ్మా అని అడిగితే "ఇదే కుదర్లేదు, అవన్నీ నేనేం చేస్తాను సార్" అంది. ఆ మాటలో వత్తు గురించిన పరిశీలన ఒక్కటీ లేదు, ఉన్నదంతా తన మీద తను ఇచ్చుకున్న తీర్పే. మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా విడుదలై ఊరూరా వాడకంలోకి వచ్చాయి. ఎక్కడ ఏ రెండు అక్షరాలు ఒరుసుకుంటున్నాయో వేలమంది రకరకాల మాటలు టైపు చేసినప్పుడే బయటపడుతుంది, గదిలో కూర్చుని తెరవైపు చూసినంత మాత్రాన బయటపడదు. బయటపడ్డ లోపాలను దిద్ది మళ్లీ విడుదల చేస్తారు, ఫాంటుకు వెర్షన్ సంఖ్య ఉండేదే అందుకు.

దిద్దడం ఎక్కడ ఆపాలన్నదానికి మన చేతిపనుల్లో ఒక కట్టుబాటు ఉండేది. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెడతారు. బొమ్మను మొదట కాల్చిన చింతపుల్లల బొగ్గుతో గీస్తారు. దులిపితే పోయే గీత కాబట్టి ముఖం తిప్పు, చేతి వాలు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆ తర్వాత బెల్లం, ఇనుప తుక్కు నీళ్లలో వేసి పులియబెట్టిన రంగును వెదురు కలంతో దిద్దుతారు. కరక్కాయ వగరు తగలగానే ఆ గీత నల్లబడి బట్టలో ఇంకిపోతుంది, ఇక చెరపడం కుదరదు. సందేహానికి ఒక దశ, నిర్ణయానికి ఒక దశ వేర్వేరుగా ఉన్నాయన్నమాట. కంప్యూటర్ పనిలో ఈ రెండో దశ దానంతటది రాదు, చివరి నిమిషందాకా ప్రతి గీతా బొగ్గు గీతగానే ఉంటుంది. అందువల్ల ఎక్కడ ఆపాలో విడిగా నేర్పాల్సి వస్తోంది. మా పాఠ్యప్రణాళికల్లో ఆ పాఠానికి నేను ఎక్కడా చోటు చూడలేదు.

పరిపూర్ణత కోసం పడే ఈ ఆరాటాన్ని కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో మూడు రకాలుగా విడదీశారు. తన నుంచి తాను కోరుకునేది ఒకటి, ఎదుటివారి నుంచి కోరుకునేది మరొకటి, ఏ లోపమూ లేకుండా ఉంటేనే లోకం తనను ఒప్పుకుంటుందని నమ్మడం మూడోది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో 1989 నుంచి 2016 వరకు 41,641 మంది కాలేజీ విద్యార్థులు ఇచ్చిన సమాధానాలను థామస్ కరన్, ఆండ్రూ హిల్ విశ్లేషించి 2019లో ప్రచురించారు. మొదటి రకం 10 శాతం, రెండోది 16 శాతం పెరిగితే, మూడోది 33 శాతం పెరిగింది. ఆ లెక్క మన పిల్లలది కాకపోయినా, నా తరగతిలో నేను చూస్తున్న భయం ఈ మూడో రకానిదే. తన పోస్టరు తనకు నచ్చిందో లేదో చెప్పలేని విద్యార్థి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరి పోస్టరుకు ఎన్ని లైకులు వచ్చాయో తడుముకోకుండా చెబుతాడు.

ఇక జ్యూరీల సంగతి. నెలల పనిని గోడకు అంటించి నిలబడిన విద్యార్థితో, తోటివాళ్లందరి ముందు, "ఇదేనా నీ స్థాయి?" అనడం చాలాచోట్ల మామూలైపోయింది. కఠినంగా ఉంటేనే రాటుదేలతారని పెద్దలు సమర్థించుకుంటారు. శీర్షికకూ బొమ్మకూ మధ్య ఎడం చాలలేదని, ఈ రంగు మీద ఈ అక్షరం కనిపించడం లేదని ఎంత కఠినంగా చెప్పినా మంచిదే, విద్యార్థికి మర్నాడు సరిచేసుకునే దారి ఉంటుంది. స్థాయి గురించిన మాటకు సవరణ ఏముంటుంది? ఉద్యోగంలో చేరాక క్లయింటు "ఏదో మిస్సవుతోంది, ఇంకొంచెం రిచ్‌గా చేయండి" అంటాడు. ఏం కావాలో రాసివ్వడు, ఎన్నిసార్లు మార్చి ఇవ్వాలో ఒప్పందంలో ఉండదు. ఆ అస్పష్టతకు మూల్యం డిజైనర్ నిద్ర మానుకుని చెల్లిస్తాడు.

తనను తాను తిట్టుకోకపోతే బద్ధకం వస్తుందనే భయం అక్కర్లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ కేంద్రంలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ చేసి 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, కష్టమైన పదజాల పరీక్షలో తప్పినవారిలో తమ పట్ల దయగా ఆలోచించమని చెప్పించుకున్నవాళ్లే తర్వాతి పరీక్షకు ఎక్కువసేపు చదివారు. తిండీ నిద్రా పోయేంతగా కుంగిపోయినవారికి 14416 నంబరులో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి తెలుగులోనూ దొరుకుతుంది. ఆ నంబరు ప్రతి స్టూడియో గోడ మీద ఉండాలి.

డిజైన్, లలితకళా కాలేజీల యాజమాన్యాలకు నా విన్నపం ఇది. జ్యూరీ మార్కుల పత్రంలో "మార్చవలసినవి", "ఇక ముట్టుకోకూడనివి" అని రెండు గడులు పెట్టి, జ్యూరీ సభ్యులు రెండూ నింపి సంతకం చేస్తేనే మార్కులు చెల్లుతాయన్న నిబంధన వచ్చే సెమిస్టర్ నుంచే తీసుకురండి. విద్యార్థి తుది పనితోపాటు, తను ఎక్కడ ఎందుకు ఆపాడో అర పేజీ రాసి జతచేయాలని కోరి, దానికీ మార్కులు కేటాయించండి.

భవదీయుడు,
ఒక డిజైన్ అధ్యాపకుడు,
హైదరాబాద్