మా మేనల్లుడికి ఊపిరి టెస్టులు చేసినవాళ్లందరికీ థాంక్స్

అక్కా బావా ఇంకా తేరుకోలేదు, అందుకే వాళ్ల తరఫున నేను రాస్తున్నా. బుడ్డోడు ఇంటికొచ్చేశాడు. గొంతు దగ్గర ట్రాకియాస్టమీ (ఊపిరికి రంధ్రం చేసి పెట్టిన గొట్టం), పడుకున్నప్పుడు పెట్టడానికి చిన్న వెంటిలేటర్, అయినా సరే వచ్చేశాడు.

వాడికున్నది సీసీహెచ్ఎస్, పుట్టుకతో వచ్చే చాలా అరుదైన జబ్బు. మెలకువలో బానే ఉంటాడు, నిద్రపడితే ఊపిరి పల్చబడిపోతుంది, ఆయాసం కూడా కనపడదు, అదే అన్నిటికంటే భయం. ఎక్స్‌రే, ఎకో, ఎమ్మారై అన్నీ నార్మల్. ఆక్సిజన్ పెడితే మానిటర్ మీద 97, 98 చూపిస్తుంది, ఆ నంబర్ చూస్తే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది కదా.

స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్ తమ్ముడూ, మొదటి దండం నీకే. అంత చిన్న తలకి వైర్లు, పొట్టకి బెల్టు, ఒంటి మీద కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ పెట్టి, అది వేడెక్కి చర్మం కందకుండా చోటు మారుస్తూ తెల్లార్లూ కూర్చున్నావు. 35 నుంచి 45 మధ్య ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ గాఢనిద్రలో 80 దాటింది, ఆక్సిజన్ నంబర్ మాత్రం అప్పటికీ బాగానే ఉంది. అది పట్టుకుంది నువ్వే.

డాక్టర్ మేడమ్ గారు, మా అమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పారు మీరు. పాలు పొంగుతుంటే చెయ్యి దానంతటదే మంట తగ్గించినట్టు, కార్బన్ డయాక్సైడ్ పెరగ్గానే మెదడు ఊపిరి పెంచాలి, వీడికి ఆ కబురే అందట్లేదు అని. ఈ జబ్బుకి కారణమయ్యే ఫాక్స్‌2బి జీన్ టెస్ట్ విడిగా పంపించింది కూడా మీరే, చాలా జీన్లని ఒకేసారి చూసే ఎక్సోమ్ టెస్ట్‌లో ఒక్కోసారి ఇది దొరక్కపోవచ్చని. ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్‌లో అలనిన్ అనే ముక్కలు వరసగా 20 ఉండాల్సిన చోట, వాడికి జీన్ రెండు కాపీల్లో ఒకదాని వల్ల 26 ఉన్నాయి. గుండె మధ్యలో ఆగుతుందేమోనని గుండె కొట్టుకోవడాన్ని గంటల తరబడి రికార్డు చేసే హోల్టర్ పెట్టించారు, పేగులు కూడా చూపించారు, అక్కా బావలకి టెస్ట్ ఎందుకు చెయ్యాలో ఓపిగ్గా చెప్పారు. మీ రుణం తీర్చుకోలేం మేడమ్.

గొట్టంలో చేరిన కఫం లాగేసే సక్షన్ వెయ్యడం అక్క చెయ్యి పట్టుకుని నేర్పిన నర్సమ్మలకి, కరెంటు పోతే వెంటిలేటర్ ఆగకూడదని ఇన్వర్టర్ బిగించిన బావ ఫ్రెండ్స్‌కి, రాత్రి కాపలాకి మాతో వంతు వేసుకున్న పక్కింటి పిన్నిగారికి ఇంటిల్లిపాదీ నమస్కారాలు. పిన్నిగారూ, ఇవాళ రాత్రి మీరు పడుకోండి, వంతు నాది.