స్కందగిరి మీద నన్ను ఉప్పుమూట మోసినవాళ్ళకు

కాలికి కట్టు వేసి ఇవాళ్టికి పన్నెండో రోజు. మంచం మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి, బాత్రూమ్‌కి పోవాలంటే మా ఆయన్ని పిలవాలి, మిగతా టైమంతా చేతిలో ఫోనే. ఇన్ని రోజులూ ఖాళీగా ఉండి కూడా ఈ నాలుగు ముక్కలు రాయకపోవడం నాదే తప్పు. డిసెంబరు చివరి ఆదివారం, బెంగళూరు దగ్గర చిక్కబళ్ళాపురం పక్కనున్న స్కందగిరి కొండ దిగుతూ పడిపోతే నన్ను కిందికి చేర్చినవాళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలియవు. పేరు తెలిసిన ఒకరిద్దరేమో "పేర్లెందుకులేక్కా, ఊరికే ఉండండి" అన్నారు. అందుకని పేర్లు లేకుండానే రాస్తున్నా. చదివితే ఎవరికి వాళ్ళకు తెలుస్తుంది, చదవకపోతే ఎవరైనా చదివి చెప్పండి.

ముందు ఆ కొండకే ఎందుకు పోయానో చెప్పాలి. మాది వేంపల్లి దగ్గర. గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర పారేది పాపాఘ్ని. పారేది అనడం పెద్ద మాటే, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే ఉంటుంది, అయినా మా చిన్నప్పుడు ఆ ఇసుకలో చెలమ తోడుకుని నీళ్ళు తాగినవాళ్ళం. ఆ ఏరు పుట్టేది చిక్కబళ్ళాపురం పక్కన నంది కొండల్లో అని బెంగళూరుకు వచ్చిన ఆరేళ్ళకు గానీ నాకు తెలియలేదు. అదొక్కటే కాదు, మన పెన్నా, చిత్రావతి కూడా అటువైపు పుట్టినవే. పులివెందుల బస్సులో ఊరికి పోయిన ప్రతిసారీ హైవే పక్కన ఆ కొండల్ని దాటుకునే పోయాను, రాత్రి బస్సు కాబట్టి నిద్రపోతూ. స్కందగిరి కింద ఉన్న మఠం పేరు కూడా పాపాఘ్ని మఠమే అని విన్నాక ఇంక ఆగలేదు. ఆఫీసులో ముగ్గురం ఆడవాళ్ళం అనుకుని బుక్ చేసేశాం.

ఆ బుకింగ్ దగ్గర నేను బాగానే విసుక్కున్నాను. కొండ ఎక్కడానికి కూడా ఆన్‌లైన్ టికెట్టా, ఆధార్ నంబరా, మా ఊళ్ళో కొండెక్కడానికి ఎవడన్నా అడిగాడా అని. దానికి కారణం తర్వాత తెలిసింది. 2024 జనవరిలో రిపబ్లిక్ డే సెలవులకు కుమారపర్వతం దగ్గర వేలమంది పోగై, కొండ దారిలో తిరుపతి క్యూ లాగా నిలబడ్డ వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ తర్వాతే కర్ణాటక ప్రభుత్వం బుకింగ్ లేని ట్రెక్కులన్నీ ఆపించి, ఒక్కో దారికి రోజుకు 300 మంది అని లెక్క పెట్టింది. ఆ లెక్క ఉండబట్టి ఆరోజు మాతో ఒక గైడ్ ఉన్నాడు, ఆయన చేతిలో మా పేర్ల కాగితం ఉంది. ఆయన లేకపోతే నా కథ ఇలా కూర్చుని రాసుకునేలా ఉండేది కాదు.

తెల్లవారుజామున చీకట్లో బయల్దేరేటప్పుడు ఆ గైడ్ తమ్ముడు అందరి షూలూ టార్చి వేసి చూశాడు. నా దగ్గరికొచ్చి, "అడుగు అరిగిపోయింది కదా మేడమ్, ఎక్కేదానికేం కాదు, దిగేటప్పుడు పట్టు దొరకదు" అన్నాడు. కన్నడంలో మొదలుపెట్టి నా మొహం చూసి తెలుగులోకి మారాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు, మన హిందూపురం యాసకు దగ్గరగా ఉంటుంది. మూడేళ్ళుగా లాల్‌బాగ్‌లో పొద్దున నడకకు వేసుకునే షూ అది. పర్లేదులే తమ్ముడూ, మెల్లగా దిగుతానన్నాను. మెల్లగానే దిగాను కూడా, అదే నాకు మంట.

పైన ఏం చూశానో ఎక్కువ రాయను, ఇంటర్నెట్ నిండా ఆ ఫోటోలే. దాదాపు 1,450 మీటర్ల ఎత్తు, టిప్పు నాటి కోట గోడలు కూలిపోయి ఉన్నాయి, చిన్న శివాలయం ఉంది, చలికాలం కాబట్టి కింద మబ్బులు పాలు పొంగినట్టు పరుచుకుని ఉన్నాయి. బాగుంది. ఇడ్లీ తిన్నాం. దిగడం మొదలుపెట్టాం.

ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక ఏటవాలు బండ వచ్చింది. బండేమీ నున్నగా లేదు, కానీ దాని మీద పలచగా గరుకు ఇసుక. జొన్నలు ఆరబోసిన చోట కాలు పెట్టినట్టు కుడికాలు సర్రుమని జారి, పాదం లోపలికి మడిచిపడి, దాని మీద నా 68 కిలోలూ కూర్చున్నాయి. ఎండిన కందికట్టె విరిచినట్టు ఒక చప్పుడు. నాకు వినబడింది, నా వెనక వస్తున్న ఫ్రెండుకీ వినబడింది. కాసేపు నొప్పి కూడా లేదు. తర్వాత వచ్చిందిలెండి, వడ్డీతో సహా.

ఇక్కణ్ణుంచి ఒక్కొక్కళ్ళకీ దండం.

మొదట ఆ నర్సింగ్ చదువుతున్న అమ్మాయికి. మాతో వచ్చిన అమ్మాయి కాదు, వేరే గ్రూపు, ఇరవై ఏళ్ళు కూడా ఉంటాయో ఉండవో. మేం ముగ్గురం "లేచి నిలబడి చూడు, బెణికిందేమో" అనుకుంటూ నన్ను లేపబోతుంటే పైనుంచి దిగుతూ గట్టిగా "బేడా, బేడా" (వద్దు, వద్దు) అని కన్నడంలో అరిచింది. వచ్చి పక్కన కూర్చుని లేసులు మొత్తం వదులు చేసి, అంగుళం అంగుళం చొప్పున షూ తీసి, సాక్సు కొస కత్తిరించింది. బొటనవేలి గోరు నొక్కి వదిలి, రంగు మళ్ళీ వస్తోందా లేదా అని చూసింది. వేళ్ళు కదపమంది. కళ్ళు మూసుకోమని ఏ వేలు ముట్టుకుంటున్నానో చెప్పమంది. అప్పుడు ఎవరి బ్యాగులోంచో కూర్చునే స్పాంజి చాప తీసుకుని, దాన్ని యు ఆకారంలో మడిచి పాదం కింద నుంచి రెండు వైపులా పిక్క దాకా తెచ్చి, నా చున్నీ ఒకటి, ఆమెది ఒకటి, రెండింటితో కట్టింది. కట్టాక మళ్ళీ గోరు నొక్కి చూసింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. గొంతు మాత్రం వణకలేదు. తర్వాత డాక్టరు ఆ కట్టు విప్పుతూ "ఎవరు కట్టారు ఇది" అని అడిగాడు. చీలమండ బయటి వైపు ఎముక విరిగింది గానీ పక్కకు జరగలేదు, అందుకే ఆపరేషన్ లేకుండా ఆరు వారాల కట్టుతో సరిపోయింది. అమ్మాయీ, నువ్వు పరీక్షలు రాస్తావో రాయవో నాకు తెలియదు గానీ నా లెక్కలో నువ్వు పాసైపోయావు.

రెండోది గైడ్ తమ్ముడికి. నేను పడ్డచోట సిగ్నల్ లేదు. మా ఫ్రెండు 112కి చేద్దామంటే, "చేద్దురుగానీ మేడమ్, అంబులెన్స్ వచ్చేది కింద రోడ్డు దాకానే, అక్కడి దాకా మనమే కదా" అని తాను వెనక్కి కొంత ఎక్కి, సిగ్నల్ దొరికిన చోట నిలబడి కొండ కిందున్న కళవార ఊళ్ళోకి ఫోన్ చేసి వచ్చాడు. వాళ్ళు వచ్చేలోపు ఊరికే కూర్చుంటే ఎండ ఎక్కుతుందని, రాళ్ళ సందుల్లో దారి సన్నగా ఉన్నంత మేరా నన్ను వీపున ఎక్కించుకున్నాడు. నలభై ఏళ్ళ దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఉప్పుమూట! ఆ అబ్బాయి నాకంటే సన్నం. నాకు నొప్పి కంటే సిగ్గు ఎక్కువైంది. అది కనిపెట్టాడేమో, నా షూ లేసును మెడలో వేసుకుని, "చూడండక్కా, పొద్దున షూ మార్చుకోండని చెప్పినందుకు నాకు చెప్పుల దండ వేసినారు" అన్నాడు. ఏడుస్తూ నవ్వాను. అప్పటిదాకా మేడమ్, అక్కణ్ణుంచి అక్క. ఇరవై అడుగులకొకసారి ఎవరో ఒకరు ముందు దిగి నా కట్టిన కాలు రాతికి తగలకుండా చేత్తో పట్టుకునేవాళ్ళు. ఆ నర్సింగ్ అమ్మాయి గ్రూపులో కుర్రాళ్ళే, వాళ్ళకీ దండం.

దారి వెడల్పయ్యే చోటికి ఊళ్ళోంచి నలుగురు వచ్చారు, రెండు నీలగిరి కట్టెలు, ఒక నల్ల కంబళి తీసుకుని. కంబళిని కట్టెలకు చుట్టి డోలీ చేసి నన్ను పడుకోబెట్టారు. ఆ నలుగురిలో ఒకాయనకు యాభై పైనే ఉంటాయి. ఆయన కట్టెను భుజం మార్చుకునే ప్రతిసారీ "అమ్మయ్యా, ఊఁ" అనేవాడు, మిగతావాళ్ళు ఆ మాటకు అడుగు కలిపేవాళ్ళు. పడుకుని ఆకాశం చూస్తుంటే ఆ "అమ్మయ్యా, ఊఁ" తప్ప ఇంకేం వినబడలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. బలవంతంగా జేబులో పెట్టబోతే పెద్దాయనకు నిజంగానే కోపం వచ్చింది, మా ఫ్రెండు బిత్తరపోయి తీసేసుకుంది.

కింద మొదటి ఇంట్లో అవ్వ. చెంబు నిండా రాగి అంబలి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చింది. "ఏ ఊరమ్మణ్ణీ నీది" అంటే చెప్పాను, మా ఏరు ఈ కొండల్లో పుట్టిందంట, దాన్ని చూద్దామని వచ్చాను అవ్వా అని. "చూస్తివా మరి?" అంది. లేదన్నాను. "ఏరూ లేదు ఏమీ లేదు, వానొస్తే ఉంటుంది, లేకుంటే లే. దానికోసరం కాలిరగ్గొట్టుకుంటివా" అని తిట్టింది. చింతపండూ ఉప్పూ నూరి పట్టు వేస్తానని లేచింది, ఆ నర్సింగ్ అమ్మాయి అడ్డం పడింది, ఇద్దరికీ కన్నడంలో ఒక చిన్న యుద్ధమైంది. అమ్మాయే గెలిచింది. (పట్టు సంగతి ఏమోగానీ, ఆ సాయంత్రం నుంచి మా బంధువులు ఫోన్లో "పుత్తూరు కట్టు కట్టిద్దాం, కారు మాట్లాడతాం" అంటూ వదల్లేదు. వాళ్ళతో యుద్ధం నేనే చేసుకోవాల్సి వచ్చింది.)

అంబులెన్స్ బయల్దేరిందన్నారు గానీ, అప్పటికే ఇంటి ముందు చామంతి మూటలతో మార్కెట్‌కు బయల్దేరుతున్న ఒక బొలెరో బండి ఉంది. ఆ అన్న ఎవరూ అడగకుండానే సగం మూటలు దించేసి నాకు చోటు చేశాడు. పూల మార్కెట్‌కు ఆలస్యమైతే రేటు పడిపోతుందని నాకు తెలుసు, మా మేనమామది కనకాంబరాల సేద్యం. అదే అడిగితే, "ధనుర్మాసంలో పెళ్ళిళ్ళెక్కడివక్కా, ఈ నెలంతా చామంతికి రేటే లేదు, రండి" అన్నాడు. నిజమే చెప్పాడో నాకోసం చెప్పాడో. చిక్కబళ్ళాపురం దాకా ప్రతి గుంత దగ్గరా బండి ఆపి ఆపి దించాడు. ఇప్పటికీ చామంతి వాసన వస్తే కాలు సలుపుతున్నట్టు అనిపిస్తోంది, మా ఇంట్లో పూజకు ఆ పువ్వు మానేశాం కొన్నాళ్ళ పాటు.

మొదట పోయిన ఆసుపత్రిలో ఆదివారం ఎక్స్‌రే తీసేవాళ్ళు లేరని గంటన్నర కూర్చోబెట్టి, ఆ తర్వాత బెంగళూరు పొమ్మన్నారు. దాని పేరు రాయను. ఆ గంటన్నరా పూలన్న మార్కెట్‌కు పోకుండా మాతోనే ఉన్నాడు, అది మాత్రం రాస్తాను.

ఈ సీజన్‌లో వెళ్ళేవాళ్ళకు నా తరఫున ఒక్క మాట. షూ అడుగు భాగం ఇంట్లోనే తిప్పి చూసుకోండి, గాడులు కనబడకపోతే పోవద్దు. ఎక్కేటప్పుడు ఆయాసమే ఉంటుంది, పడేది దిగేటప్పుడే, కాళ్ళు అలిసిపోయి ఉంటాయి కాబట్టి. ఎండలు ముదిరితే అక్కడ గడ్డి ఎండి మంటలంటుకుంటాయి, వానల్లో ఆ బండలే పాకుడు పడతాయి, కాబట్టి అందరూ ఈ రెండు మూడు నెలల్లోనే ఎగబడతారు. గైడ్ ఏదైనా చెబితే పర్లేదులే తమ్ముడూ అనకండి.

ఇంకొకటి. హడావుడిలో ఆ కంబళి నాతోనే బెంగళూరు వచ్చేసింది. గొర్రె బొచ్చుతో నేసింది, బరువుగా ఉంది, ఒక మూల మీద నా రక్తం మరక కూడా ఉంది, మోచెయ్యి గీసుకున్నప్పటిది. ఫిబ్రవరిలో కట్టు విప్పుతారు, నడవగలిగిన మొదటి ఆదివారం తీసుకెళ్ళి ఇస్తాను. ఈలోపు ఎవరైనా కళవార వైపు పోతే, మొదటి ఇంటి అవ్వకు కంబళి భద్రంగా ఉందని చెప్పండి. మా ఆయన వాషింగ్ మెషీన్‌లో వేద్దామంటున్నాడు, నేను ఒప్పుకోలేదు. మీ ఇళ్ళలో ఇలాంటి కంబళి వాడినవాళ్ళుంటే దీన్ని ఎలా ఉతకాలో, కుంకుడుకాయ రసం పనికొస్తుందో లేదో కొంచెం అడిగి చెప్పండి.