నేను ఇండియాలోనే ఉన్నానని ఒక కాగితం ఇప్పించండి మేడమ్ - ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ (అక్టోబర్ 2025)

కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం మేడమ్. మీకు తెలుగు బాగా వచ్చు, హైదరాబాద్‌లో కొన్నేళ్ళు ఉన్నారు, 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకి వెళ్ళారు. అందుకే ఎవరితోనో ఇంగ్లీష్‌లో రాయించుకోకుండా నాకు వచ్చిన భాషలోనే రాస్తున్నా. కొంచెం పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

మాది నిజాంపేట్. నేను బొమ్మలు గీస్తాను, అదే నా బతుకుదెరువు. మొదట్లో ఇక్కడి పిల్లల పత్రికలకి, స్కూల్ పుస్తకాలకి వేసేదాన్ని, తర్వాత ఆన్‌లైన్‌లో నా బొమ్మలు చూసి జర్మనీలో బోర్డ్ గేమ్స్ తయారు చేసే ఒక చిన్న కంపెనీ వాళ్ళు మెయిల్ పెట్టారు. జర్మనీలో బోర్డ్ గేమ్స్ అంటే చాలా పెద్ద వ్యవహారం, ప్రతి అక్టోబర్‌లో ఎస్సెన్ అనే ఊర్లో దానికి పెద్ద జాతరే జరుగుతుంది. వాళ్ళ గేమ్ కోసం 54 కార్డులకి బొమ్మలు వేశాను, అందులో మా అమ్మమ్మ గవ్వలతో అష్టాచెమ్మా ఆడే బొమ్మ కూడా ఒకటి ఉంది. 2024 మేలో కాంట్రాక్ట్ సంతకం పెట్టినరోజు మా ఇంట్లో పండగే.

ఆ కాంట్రాక్ట్‌తో పాటే ఇంకో మెయిల్ వచ్చింది. నా బొమ్మలు వాడుకునే హక్కు కొనుక్కుంటున్నారు కాబట్టి అది వాళ్ళ చట్టం ప్రకారం రాయల్టీ అంట, బయటి దేశం మనిషికి రాయల్టీ ఇస్తే 15 శాతం ట్యాక్స్, దాని మీద సర్‌చార్జి కలిపి మొత్తం 15.825 శాతం పట్టుకోవాలంట. కానీ ఒకే సంపాదన మీద రెండు దేశాల ట్యాక్స్ భారం పడకుండా ఇండియాకి జర్మనీకి మధ్య డబుల్ ట్యాక్సేషన్ ఒప్పందం ఉంది, దాని ప్రకారం 10 శాతమే, కాబట్టి మీ దేశం ట్యాక్స్ ఆఫీసు నుంచి మీరు అక్కడి రెసిడెంట్ అని సర్టిఫికెట్ తెచ్చుకోండి, అది పెట్టి మా ట్యాక్స్ వాళ్ళకి అప్లై చేస్తే తగ్గుతుంది అన్నారు. చదవగానే నాకు ఏం భయం వేయలేదు. ఉన్నది ఇక్కడే కదా, ఇక్కడ ఉన్నానని చెప్పడానికి ఎంతసేపు అనుకున్నా. ముందు మీసేవకి వెళ్ళి రెసిడెన్స్ సర్టిఫికెట్ తీసుకుని పంపించాను కూడా. అది పనికిరాదు, అది తహసీల్దార్ ఇచ్చింది, మాకు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు ఇచ్చింది కావాలి అని తిప్పి పంపారు.

అప్పుడు మా సీఏ గారు ఫారం 10ఎఫ్ఏ గురించి చెప్పారు. మన ట్యాక్స్ ఫైల్ చూసే అసెసింగ్ ఆఫీసర్‌కి 10ఎఫ్ఏలో అప్లై చేస్తే ఆయన చూసి 10ఎఫ్‌బీలో సర్టిఫికెట్ ఇస్తారు, అందరూ టీఆర్‌సీ (ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్) అంటారు దాన్నే. జూన్‌లో ఫైల్ కట్టుకుని వెళ్ళాను. ఏ ఆఫీసో రాయను, అక్కడ కూర్చున్న వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళ టేబుల్ మీద ఉన్న ఫైళ్ళు చూస్తే ఎవరికైనా జాలే వేస్తుంది. కానీ అక్కడ జరిగింది మాత్రం మీకు చెప్పాలి.

సార్ నా కాగితాలన్నీ తిరగేసి "పాస్‌పోర్ట్ జిరాక్స్ ఏదమ్మా?" అన్నారు.

"నాకు పాస్‌పోర్ట్ లేదండీ."

"లేకపోతే ఎలా? ఏడాదిలో ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారో స్టాంపులు చూసి కదా లెక్కేసేది?"

"నేను ఎప్పుడూ దేశం దాటలేదండీ సార్, అందుకే తీసుకోలేదు."

"దాటలేదని ప్రూఫ్ ఏంటమ్మా?"

నాకు నోట మాట రాలేదు మేడమ్. దేశం దాటిన వాళ్ళ దగ్గర స్టాంపులు ఉంటాయి, దాటని నా దగ్గర ఏముంటుంది? ఇంటికొచ్చి కరెంట్ బిల్లులు, గ్యాస్ బుక్, పాప స్కూల్ ఫీజు రసీదులు, ఏటీఎంలో డబ్బులు తీసిన ప్రతి ఎంట్రీ కనపడేలా బ్యాంక్ స్టేట్‌మెంట్, అన్నీ ప్రింట్ తీసి, ఒక్కో పేజీ కింద సంతకం పెట్టి, మళ్ళీ వెళ్ళి ఇచ్చాను. ఆ కట్ట మొత్తం 140 పేజీలు అయింది. జిరాక్స్ షాపు అబ్బాయి ఏదైనా కోర్టు కేసా అక్కా అని అడిగాడు.

ఆ తర్వాత తేలిందేంటంటే నా పాన్ ఇంకా పెళ్ళికి ముందు మా పుట్టింటి ఊరి ట్యాక్స్ ఆఫీసు జ్యూరిస్‌డిక్షన్‌లోనే ఉంది, కాబట్టి ఇక్కడ ఇవ్వలేరు. పాన్ ఇక్కడికి మార్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది. మారాక సార్ ట్రాన్స్‌ఫర్ అయ్యారు. కొత్తగా వచ్చిన మేడమ్ మంచావిడే, కానీ మళ్ళీ మొదటి నుంచి ఫైల్ అడిగారు, అడిగి, ఈ ఏడాది ఇంకా పూర్తి కాలేదు కదా, 182 రోజులు నిండకుండా రెసిడెంట్ అని నేను ఎలా రాస్తాను, పోయిన ఏడాదికి అయితే ఇస్తాను అన్నారు. 2024 డిసెంబర్‌లో 2023-24కి సర్టిఫికెట్ ఇచ్చారు. అది జర్మనీకి పంపితే, డబ్బులు 2024 సెప్టెంబర్‌లో వేశాం, మీ కాగితం 2024 మార్చితో ఆగిపోయింది, ఇది కుదరదు అని జవాబు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి మేడమ్. ఎవరు రెసిడెంటో చెప్పే ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 6 నేను కూర్చుని చదివాను, మా సీఏ గారిని పక్కన పెట్టుకుని మరీ చదివాను. 182 రోజులు ఒక్కటే దారి కాదు. ఆ ఏడాదిలో 60 రోజులు, దాని ముందు నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు ఇండియాలో ఉన్నా రెసిడెంటే. ఉద్యోగానికి విదేశం వెళ్ళేవాళ్ళకి, అక్కడి నుంచి చూసిపోడానికి వచ్చేవాళ్ళకి వేరే లెక్క ఉంది, అది వేరే సంగతి. నాలా ఊరు కదలని మనిషికి ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే మే 30కి 60 రోజులు నిండిపోతాయి, నాలుగేళ్ళలో 365 రోజులు ఎప్పుడో నిండాయి. అంటే ఏటా మే 31 పొద్దున్నకల్లా నేను ఆ ఏడాదికి రెసిడెంట్‌నే, ఉద్యోగానికి విదేశం వెళ్తే తప్ప తర్వాత అది మారదు. మరి జూన్‌లో అడిగితే సర్టిఫికెట్ ఇవ్వడానికి అడ్డేంటి? మార్చి దాకా ఎందుకు ఆగాలి?

చివరికి 2024-25 సర్టిఫికెట్ 2025 మేలో చేతికొచ్చింది. అప్పటికి నా రెండు వాయిదాలూ కట్ అయిపోయి వచ్చాయి. ఒక్కో వాయిదా 3,000 యూరోలు. ఒక్కో దాంట్లో 474 యూరోల 75 సెంట్లు పట్టుకున్నారు, పట్టుకోవాల్సింది 300 మాత్రమే. సరే ఎక్కువ కట్టిందేదో ఇక్కడ రిటర్న్‌లో సర్దుకుంటారేమో అనుకున్నా, ఫారం 67 వేసి విదేశీ ట్యాక్స్ క్రెడిట్, అంటే అక్కడ కట్టింది ఇక్కడి ట్యాక్స్‌లో తగ్గించమని, అడగొచ్చు కదా అని. మన రూల్ 128 ఏమంటుందంటే, ఒప్పందం ప్రకారం ఎంత కట్టాలో అంతకే క్రెడిట్, పైన కట్టింది లెక్కలోకి రాదు. రూల్ తప్పు అనట్లేదు, జర్మనీ ఎక్కువ తీసుకుంటే ఇండియా ఎందుకు భరించాలి, న్యాయమే. కానీ జర్మనీ ఎక్కువ తీసుకుంది ఎందుకు? ఇండియా కాగితం టైంకి రాలేదు కాబట్టి. రెండు వాయిదాలకి కలిపి 349 యూరోల 50 సెంట్లు, మన డబ్బుల్లో 30 వేల పైమాటే, అటు వాళ్ళ దగ్గరా ఇటు మన దగ్గరా కాకుండా మధ్యలో ఆగిపోయింది. మీకు ఇది చిన్న మొత్తమే, మాకు మా పాప రెండు టర్ముల ఫీజు.

జర్మనీ ట్యాక్స్ వాళ్ళకి రీఫండ్‌కి అప్లై చేశాను, నాలుగేళ్ళలోపు అడగొచ్చంట, దానికీ ఇదే సర్టిఫికెట్ ఆధారం. ముందుగానే తగ్గించి పట్టుకోవాలంటే మామూలుగా వాళ్ళ ట్యాక్స్ ఆఫీసు ఇచ్చే మినహాయింపు పత్రం ఉండాలి. అది మన అప్లికేషన్ వాళ్ళకి చేరిన రోజు నుంచే చెల్లుతుంది, వెనక్కి వెళ్ళదు. అంటే ఇక్కడ ఫైల్ ఒక నెల ఆగితే అక్కడ ఆ నెలలో వచ్చిన డబ్బుకి పూర్తి కోత పడాల్సిందే. ఇది మన ఆఫీసు వాళ్ళకి తెలియకపోవచ్చు, సర్టిఫికెట్ అంటే ఎప్పుడిచ్చినా ఒకటే అనుకుంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. నాన్న పోయాక వచ్చిన డబ్బులు కూకట్‌పల్లిలో బ్యాంకులో ఎన్ఆర్ఓ డిపాజిట్ (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇక్కడి డబ్బు దాచుకునేది) చేశాడు. దాని వడ్డీ మీద మామూలుగా 30 శాతం, సెస్‌తో 31.2 శాతం టీడీఎస్ పోతుంది, అమెరికా ఒప్పందం ప్రకారం అయితే 15 శాతం. ఆ 15 కావాలంటే అమెరికా రెసిడెన్సీ సర్టిఫికెట్ తెమ్మని మన చట్టమే అడుగుతుంది, 2012లో సెక్షన్ 90లో పెట్టారు ఆ నిబంధన. వాడు ఫారం 8802 నింపి 85 డాలర్లు కట్టి అప్లై చేశాడు. అవసరానికి కనీసం 45 రోజుల ముందు పంపించండి అని ఆ ఫారం సూచనల్లోనే రాసి ఉంటుంది, మనిషి దానికి తగ్గట్టు ప్లాన్ చేసుకోవచ్చు. ఫారం 6166 అనే కాగితం ఇంటికి పోస్టులో వచ్చింది. వాడు ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు. అక్కడి నుంచి కాగితం తెస్తేనే ఒప్పుకుంటాం అని విదేశాల్లో ఉన్నవాళ్ళని అడిగే మన దేశం, మన దగ్గర ఉన్నవాళ్ళకి అదే కాగితం అంతే సులువుగా ఇవ్వాలి కదా మేడమ్.

నన్ను ఎక్కువ బాధపెట్టేది డబ్బు కూడా కాదు. పదకొండేళ్ళుగా రిటర్న్ వేస్తున్నా. ప్రతి ఏడూ అందులో రెసిడెంట్ అని టిక్ పెడతాను, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించి ట్యాక్స్ కడతాను, ఈ ఏడాది కూడా సెప్టెంబర్ 16 లోపే ఐటీఆర్-3 వేశాను. ఆ టిక్ చూసి డిపార్ట్‌మెంట్ ఎన్నడూ పాస్‌పోర్ట్ అడగలేదు, కరెంట్ బిల్లు అడగలేదు. నువ్వు రెసిడెంట్‌వి, కాబట్టి జర్మనీ డబ్బు మీద కూడా కట్టు అన్నప్పుడు నా మాట చాలింది. అదే ముక్క ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే మాత్రం నా మాట చాలలేదు, 140 పేజీలు కావాల్సి వచ్చింది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 1961 చట్టం పోయి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వస్తోంది, 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి గారి ఆమోదం అయింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. దానికి రూల్స్, ఫారాలు తయారయ్యే టైం ఇదే. పాత రూల్స్‌లో ఈ సర్టిఫికెట్ గురించి చెప్పే రూల్ 21ఏబీ తీసి చూడండి, ఆఫీసర్‌కి సంతృప్తి కలిగితే సర్టిఫికెట్ ఇస్తారు అని ఉంది, ఎన్ని రోజుల్లో అని ఎక్కడా లేదు. ఆ ఒక్క లైన్ కొత్త రూల్స్‌లో పెట్టించండి, 15 రోజులో 20 రోజులో మీరే చెప్పండి, ఇవ్వనంటే ఎందుకు ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పాలి అని కూడా రాయించండి. రిటర్న్ ఆన్‌లైన్‌లో వేస్తున్నాం, రీఫండ్ ఆన్‌లైన్‌లో వస్తోంది, ఈ అప్లికేషన్ కూడా అదే పోర్టల్‌లో పెట్టుకునేలా, వరసగా ఐదారేళ్ళు రెసిడెంట్‌గా రిటర్న్ వేసినవాళ్ళకి పాన్ ఏ ఊర్లో ఉన్నా సరే అక్కడే క్యూఆర్ కోడ్‌తో వచ్చేసేలా చేస్తే అటు ఆఫీసర్ల టేబుళ్ళ మీద బరువు కూడా తగ్గుతుంది. పాస్‌పోర్ట్ లేదు అని డిక్లరేషన్ ఇచ్చినవాళ్ళని అంతటితో నమ్మండి. తప్పు చెప్తే శిక్ష ఎలాగూ ఉంది.

ఇంకా చిన్నదే కానీ చాలామందిని ఏడిపించేది ఒకటుంది. బయటి దేశాల వాళ్ళది జనవరి నుంచి డిసెంబర్, మనది ఏప్రిల్ నుంచి మార్చి. వాళ్ళు 2025 అని అడిగితే మనం 2025-26 అని ఇస్తాం, వాళ్ళకి జనవరి, ఫిబ్రవరి, మార్చి ఏమయ్యాయో అర్థం కాదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని అడిగినట్టు రాసి ఇచ్చే వీలు ఉండాలి, లేదా రెండేళ్ళవీ కలిపి ఒకే కాగితం మీద ఇవ్వాలి. కొన్ని దేశాలు వాళ్ళ సొంత ఫారం పంపి దాని మీదే మన ట్యాక్స్ ఆఫీసు ముద్ర కావాలంటాయి, మన ఆఫీసర్ ఏమో వేరే దేశం కాగితం మీద నేను సంతకం పెట్టను అంటారు, ఆ ఆఫీసర్ భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. పెట్టొచ్చు అని మీరు ఒక సర్క్యులర్ ఇస్తే ఆ భయం పోతుంది.

హైదరాబాద్‌లో ఇప్పుడు నాలాంటోళ్ళు చాలామంది ఉన్నారు మేడమ్. మాదాపూర్, గచ్చిబౌలి పెద్ద కంపెనీలకి ఇవన్నీ చూసుకోడానికి ట్యాక్స్ టీములు ఉంటాయి. ఇంట్లో ఒక గదిలో కూర్చుని యానిమేషన్ చేసేవాళ్ళు, మ్యూజిక్ ఇచ్చేవాళ్ళు, కోడ్ రాసేవాళ్ళు, వాళ్ళకి ఎవరుంటారు? చాలామంది ఈ తిరుగుడు పడలేక కోత పోతే పోయిందని వదిలేస్తున్నారు. నాతో పాటు గీసే ఒక తమ్ముడైతే, ఈ సర్టిఫికెట్ అడిగారని ఏకంగా కాంట్రాక్టే వదులుకున్నాడు.

నాకు అదే కంపెనీ రెండో గేమ్ ఇచ్చింది. 2025-26 సర్టిఫికెట్ కోసం జూలై 7న ఇన్‌వార్డ్‌లో ఇచ్చి రబ్బర్ స్టాంప్ వేయించుకున్నాను, దసరా కూడా అయిపోయింది, ఇంకా రాలేదు. వాళ్ళు డబ్బులు వేసేది డిసెంబర్ 15న.

ఇట్లు,
నిజాంపేట్ నుంచి ఒక బొమ్మల ఆర్టిస్ట్
హైదరాబాద్, అక్టోబర్ 2025